నూనె తగలని చోటు

“దానియేలూ, నీది రాజోలని ఎవరికీ తెలియకూడదు. ‘అవును’ అనబోయి నోరు జారి మీ కోనసీమ ‘ఆయ్’ అన్నావంటే శవమై తేలతావు,” అన్నాడు ఢిల్లీలో గూఢచారి శాఖ చీఫ్.

1978 నవంబరు. అంతర్వేది బంగళాలో దానియేలు ఇప్పుడు పాత కెమెరాలకి వెలకట్టడానికి మద్రాసు నుంచి వచ్చిన నిపుణుడు ధర్మరాజు. పెట్టుడు మీసం, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. దారిలో బస్సు రాజోలులో ఆగినప్పుడు అక్క ఉండే వీధి వైపు తల తిప్పలేదు. పదేళ్లుగా చీఫ్ తప్ప అతణ్ణి అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు.

బల్ల మీద మూడు పాత చెక్క ఫీల్డ్ కెమెరాలు. ఏ దేశంలో తయారయ్యాయో ఒక్కదాని మీదా లేదు. మూడూ కోనసీమ స్టూడియోల్లో కొన్నవేనని విదేశీ దొర చెబుతున్నాడు. ఒకదాని విషయంలో అది అబద్ధం. దాని చెక్కలో మన తీరపు రాడార్ల మైక్రోఫిల్ము ఉంది. కాసేపట్లో ఒకటి లాంచీలో, ఒకటి కారులో, ఒకటి బస్సులో వెళ్తాయి. బయట మనవాళ్లు ఇద్దరే. ఒక్కదాన్నే ఆపగలరు.

“మద్రాసులో వానలా అండీ?” అంది దొర సెక్రటరీ సుందరి. కోడ్.

“గొడుగు తేలేదు.”

ఆమె రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ఏ వైపు నిజమో ఆ నల్లకళ్లద్దాలు చెప్పవు. ఏ కెమెరా అన్నది ఆమెకీ తెలియదు.

మూడూ కొబ్బరినూనెతో మెరుస్తున్నాయి. సముద్రపు గాలికి చెక్క ఉబ్బితే ప్లేటు లోపలికి దిగదు. అందుకే వానలు వెళ్లగానే, రాజోలులో ఫోటోలు తీసే నాన్న తన కెమెరాకి కోడి ఈకతో ముందు లోపల నూనె రాసేవాడు. మిగిలితేనే పైన.

దానియేలు మొదటిదాని లోపల వేలు పెట్టాడు. జిడ్డు. రెండోది, జిడ్డు. మూడోదానికి పైన నూనె కారుతోంది. లోపల పొడిగా ఉంది.

లాంచీ కూత వేసింది. నౌకరు మూడో కెమెరా ఎత్తుకుని రేవులోకి దిగాడు. దానియేలు కిటికీ దగ్గర ఎర్ర రుమాలుతో కళ్లద్దాలు తుడిచాడు. వల బాగుచేసుకుంటున్న ఇద్దరు జాలరులు లేచి, లాంచీ ఎక్కబోతున్న నౌకరు మీద ఆ వలే విసిరారు.

దొర పిస్తోలు తీసి మీట నొక్కాడు. పేలలేదు. గుళ్లు సుందరి చేతిసంచిలో ఉన్నాయి.

దొరను జీపులో తీసుకుపోయాక బంగళా ఖాళీ అయింది.

“ఇంతకీ అవి ఏ దేశానివండీ?” అంది సుందరి.

“తెలియదు. రెండు మాత్రం ఇక్కడ ఎవరింట్లోనో బతికాయి.”

“మీకిక్కడ ఎవరూ లేరాండీ?”

“లేరు.”

“పోనీ, కాఫీ తాగి వెళ్తారా?”

అంత మామూలు మాట అతణ్ణి ఎవరూ అడిగి ఎన్నాళ్లో అయింది.

“ఆయ్,” అన్నాడు.

సుందరి నల్లకళ్లద్దాలు తీసింది.

“మద్రాసులోనూ ఇప్పుడు ఆయ్ అంటున్నారన్నమాటండీ,” అంటూ స్టవ్ వెలిగించింది.