ఫెయిలు పోగొట్టుకున్న అమ్మాయి

"మేడమ్, నా ఫెయిలు ఎవరో కొట్టేశారు! వెతికి పెట్టండి!"

రొప్పుతూ వచ్చిన అమ్మాయి మాటకు అసిస్టెంట్ పకపకా నవ్వాడు. డిటెక్టివ్ మాత్రం నవ్వకుండా మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"లెక్కల పరీక్షలో మూడంటే మూడే లెక్కలు రాశానండీ. పాసైపోయాను! రేపే నర్సు ట్రైనింగులో చేరాలి. మందు పాళ్ళు లెక్కగట్టడం రానిదాన్ని, నా చేతిలో ఎవరైనా పోతే?" అంటూ బావురుమంది.

"పదండి స్కూలుకి," అంది డిటెక్టివ్, అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టి.

హెడ్మాస్టర్ గది గోడకు ఒక నోటీసు ఉంది. ఈ ఏడాది నుంచి పాసు మార్కులు నలభై కాదు, ముప్పై అయిదు. టైపు చేసింది గుమాస్తా, సంతకం హెడ్మాస్టర్‌ది. లెక్కల పోస్టు ఏడాదిగా ఖాళీ. అందుకని రిటైరైన బెత్తం మాస్టారి ఇంటికే పేపర్లు పంపి దిద్దించారట. ఆయన్నీ పిలిపించారు.

"పరీక్షలు మరీ తేలికైపోయాయి. మా రోజుల్లో పాసవ్వాలంటే చుక్కలు కనబడేవి," అని గొణిగాడాయన వస్తూనే.

"మార్కుల రిజిస్టరు ఎవరి దగ్గరుంటుంది?" అడిగింది డిటెక్టివ్.

"నా దగ్గరేనండి. పేపరు మీదున్నదే ఎక్కించాను, ఒట్టు!" గుమాస్తా చెమటలు తుడుచుకున్నాడు.

"అందరూ పాసైతే ఎవరికి మంచిపేరు?"

"నాకే. కానీ నేను కాదు!" హెడ్మాస్టర్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇద్దరి వాలకం. ఎవరై ఉంటారా అని అసిస్టెంట్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

డిటెక్టివ్ రిజిస్టరు మూసింది. "ఈ అమ్మాయితో కలిపి పదకొండు మందికి సరిగ్గా నలభై. గట్టెక్కించడానికి ముప్పై అయిదు చాలుగా? నోటీసు టైపు చేసినాయనా, సంతకం పెట్టినాయనా నలభై ఎందుకు వేస్తారు? ఈ నోటీసు చూడక, పాసంటే ఇంకా నలభయ్యే అనుకుంటున్నది ఇక్కడ ఒక్కరే. అవునా మాస్టారూ?"

అసిస్టెంట్ నోరు తెరిచాడు. ఈ బెత్తం మాస్టారా!

ముసలాయన కళ్ళజోడు తీశాడు. "ఏడాదంతా వీళ్ళకి లెక్కలు చెప్పే దిక్కు లేదు. చెప్పని పాఠానికి పిల్లల్ని ఫెయిల్ చెయ్యడానికి చేతులు రాలేదమ్మా."

హెడ్మాస్టర్ తల దించుకున్నాడు.

"నాకా మార్కులొద్దు మాస్టారూ," అంది అమ్మాయి. "లెక్కలు చెప్పండి. మళ్ళీ రాస్తాను."

"మరి రేపటి సీటో?" అన్నాడు అసిస్టెంట్ ఉండబట్టలేక.

"వచ్చే ఏడాది చేరతాను. అప్పుడైతే భయపడకుండా సూది వేస్తాను."

మాస్టారు గబగబా లేచి బల్ల మీది సుద్దముక్క అందుకున్నాడు.

"మిగతా పదిమందినీ కేకెయ్యి. ముందే చెబుతున్నా, నా దగ్గర పాసంటే నలభయ్యే!"