తెల్ల మూత సీసాలు

నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళ. కిళ్లీ కొట్టు ముందున్న కాయిన్ బాక్స్ ఫోన్లో ఒక బక్కపలచటి మనిషి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పేరు విశ్వనాథం. ప్యూరోజెట్ కెమికల్స్‌లో సీనియర్ కెమిస్టు.

"డీజిల్ ట్యాంకులో పోసే మా క్లీనర్ సంగతి సార్. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద పేరుకునే మసిని కడిగేందుకు నేనే తయారు చేశాను దాన్ని. కానీ ఈమధ్య బయటికి వెళ్తున్న సీసాలు కొన్ని నావి కావు. అవి మసిని కడగవు. మసిని పుట్టిస్తాయి."

ఏ సీసాలు, ఎలా గుర్తుపట్టాలి అని అవతలి గొంతు అడిగింది. విశ్వనాథం జవాబు చెప్పబోయాడు. అంతలో ఫ్యాక్టరీ గోడ వారగా ఆగివున్న వాటర్ ట్యాంకర్ ఒక్కసారిగా కదిలింది. జనం పక్కకు దూకారు. విశ్వనాథానికి ఆ వ్యవధి దొరకలేదు. ట్యాంకర్ ఆగకుండా మల్లాపూర్ వైపు మలుపు తిరిగి వెళ్లిపోయింది. దానికి నంబరు ప్లేటు లేదని తర్వాత అందరూ చెప్పారు. రిసీవరు మాత్రం తీగ చివర ఊగుతూ "హలో, హలో" అంటూనే ఉంది.

ఆ అవతలి గొంతు రామ్మోహనరావుది. ఉప్పల్ బస్ డిపోకు దగ్గర్లో సుప్రభాత డ్రైవింగ్ స్కూల్ అని ఒక బోర్డు ఉంటుంది. కింద నిజంగానే కారు నేర్పిస్తారు. పై అంతస్తులో దేశ శత్రువుల మీద కన్నేసి ఉంచే చిన్న విభాగం ఒకటి పనిచేస్తుంది. దానికి రామ్మోహనరావు చీఫ్. మర్నాడు ఆయన ఎదుట కూర్చున్న ఏజెంటు బెన్నీ. ముప్పై దాటిన మనిషి, ఎవరికీ గుర్తుండని ముఖం. జనగామ నుంచి వచ్చి మేడిపల్లిలో స్థిరపడిన కుటుంబం. బంధువులకు తెలిసినంతవరకు ఇన్సూరెన్స్ ఏజెంటు.

"ఆపరేషన్ సారె," అన్నాడు చీఫ్. "డిఫెన్స్ ల్యాబ్ నుంచి ఒక మిసైల్ గైడెన్స్ యూనిట్ వరంగల్ హైవే మీదుగా ఘట్‌కేసర్‌లో సరుకు ఎక్కించే రైల్వే సైడింగ్‌కు వెళ్తుంది. ఒక ట్రక్కు, ముందొక జీపు, వెనకొక జీపు. మూడూ డీజిల్. ఈ మూడింటికీ సర్వీసింగ్ మన ఉప్పల్ వర్క్‌షాపులో. ప్రతి సర్వీసులోనూ ట్యాంకులో ప్యూరోజెట్ పోస్తారు. ఏడాదిగా పోస్తున్నారు. బళ్లు బంగారంలా నడుస్తున్నాయి."

"ఏడాదిగా నమ్మకం కొనుక్కుంటున్నారన్నమాట."

"అంతే. ప్యూరోజెట్ వెనక పెట్టుబడి విదేశీ ముఠాది. నకిలీ మందులో జిగురులాంటి రెజిన్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక అది ఇంజెక్టర్ మొనల మీద గట్టిపడుతుంది. ముందు నల్ల పొగ వస్తుంది, తర్వాత ఇంజిన్ ఆగిపోతుంది. మూడు బళ్లూ ఒకేచోట ఆగితే, ఆ చోట వాళ్ల మనుషులు సిద్ధంగా ఉంటే..."

మాట పూర్తి చేయాల్సిన అవసరం లేకపోయింది. ట్రక్కు నడిపేది ఎవరో చీఫ్ చెప్పినప్పుడు మాత్రం బెన్నీ కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. కింద మెట్రో పిల్లర్ల కోసం తవ్విన గుంతల మధ్య నుంచి బస్సులు దారి వెతుక్కుంటున్నాయి. ఆ డ్రైవరు దేవసహాయం. ఆర్మీలో లారీలు నడిపి రిటైరై, ల్యాబులో డ్రైవరుగా చేరిన మనిషి. బెన్నీ భార్య మరియాకు తండ్రి. మేడిపల్లిలో అందరూ ఒకే ఇంట్లో ఉంటారు.

ప్యూరోజెట్‌లో విభాగానికి ఒక మనిషి ఉంది. మార్కెటింగ్ మేనేజర్ రాజశ్రీ. విజయవాడ అమ్మాయి. ఆమె నడిచి వెళ్తే గోడౌన్లో డ్రమ్ములు దొర్లించే హమాలీలు కూడా ఆగి చూస్తారు. ముఠా జీతం తీసుకుంటూ చీఫ్‌కు కబుర్లు చేరవేస్తోంది. రెజిన్ సంగతి చెప్పింది కూడా ఆమే. బెన్నీ లారీల ఓనరు వేషంలో, మెడలో లావుపాటి గొలుసు, చేతిలో రెండు ఫోన్లతో ఆమె గదిలోకి వెళ్లాడు.

"మా బళ్లు మస్తు పొగ కొడుతున్నయ్ మేడమ్," అన్నాడు. అది కోడ్.

"వానాకాలం వస్తే సర్దుకుంటుందండీ," అంది ఆమె. అది జవాబు.

తలుపు వేశాక ఆమె సొరుగులోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదానికి ఎర్ర మూత, ఇంకొకదానికి తెల్ల మూత. ఎర్ర మూతవే నకిలీవని, వర్క్‌షాపులో ఇప్పుడున్నవన్నీ అవేనని, తెల్లవి విశ్వనాథం చేసిన అసలు సరుకని చెప్పింది. విశ్వనాథం పేరెత్తినప్పుడు కళ్లు తుడుచుకుంది. బెన్నీ జేబులోంచి పెన్ను తీశాడు. దాని మొన నొక్కితే ఎర్రగా కాలే చిన్న తీగ బయటికి వస్తుంది. ఎర్ర మూత సీసాలోంచి ఒక చుక్క తీగ మీద వేశాడు. నల్లటి పెచ్చు కట్టింది. తెల్ల మూత చుక్క ఆనవాలు లేకుండా ఆవిరైపోయింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మర్నాడు పొద్దున్నే బెన్నీ ప్యూరోజెట్ సేల్స్‌మన్ యూనిఫాం వేసుకుని ఉప్పల్ వర్క్‌షాపుకు వెళ్లాడు. అక్కడి గేటు దాటడం బయటివాళ్ల తరం కాదు. చీఫ్ సంతకం చేసిన పాసు ఉంది గనుక అతన్ని వదిలారు. ఎర్ర మూత సీసాలన్నీ వెనక్కి తీసుకున్నాడు. రాజశ్రీ పంపిన తెల్ల మూత సీసాలను తన చేత్తోనే మూడు బళ్ల ట్యాంకుల్లో పోశాడు. ఒక సీసా మిగిలింది. తన డీజిల్ ఇండికా కొన్నాళ్లుగా ఎత్తు ఎక్కలేక దగ్గుతోంది. మంచి మందు వృథా ఎందుకని దాన్ని అందులో పోసేశాడు.

కాన్వాయ్ ఉప్పల్ చౌరస్తా దాటినప్పుడు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. బెన్నీ చాలా వెనకగా బయల్దేరాడు. పక్క సీట్లో రాజశ్రీ. దారిలో ముఠా మనుషులు కనిపిస్తే గుర్తుపట్టడానికి ఆమెను వెంట ఉంచుకొమ్మని చీఫ్ ఆదేశం. కాన్వాయ్‌లో సిగ్నళ్లను అడ్డుకునే జామర్ ఉంది గనుక దానితో మాట్లాడేందుకు ఫోను, రేడియో ఏవీ పనిచేయవు. దూరం తగ్గించుకునేందుకు బెన్నీ కారును గట్టిగా తోలాడు. బోడుప్పల్ దాటింది. పీర్జాదిగూడ దాటింది. రాజశ్రీ అద్దంలో జుట్టు సర్దుకుంటూ ఏదో సినిమా సంగతి చెబుతోంది.

మేడిపల్లి దగ్గర కారు ఒకసారి జెర్కు ఇచ్చింది. వెనక నల్ల పొగ లేచింది. ఇంజిన్ టకటకా కొట్టుకుని, రోడ్డు అంచున ఆగిపోయింది.

రాజశ్రీ ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఇందులో కూడా పోశావా?" అంది.

ఆ ప్రశ్న నోరు దాటాక గానీ ఆమెకు అర్థం కాలేదు, తను ఏం అడిగిందో. బెన్నీకి మాత్రం వెంటనే అర్థమైంది. ఆమె మూతలు మార్చి బల్ల మీద పెట్టిన సీసాలనే తను పరీక్షించాడు. వర్క్‌షాపులో ఉన్న ఎర్ర మూతల్లో గానీ, ఆమె పంపిన తెల్ల మూతల్లో గానీ ఒక్కటీ పరీక్షించలేదు. అక్కడున్నది మంచి సరుకే. గేటు దాటలేని విషాన్ని ప్రభుత్వ పాసు మీద, ప్రభుత్వ మనిషి చేత్తో లోపలికి పంపింది ఆమె. మామ బండిలో తనే పోశాడు.

దిగి బానెట్ ఎత్తాడు. హ్యాండ్‌బ్యాగు వెనక చిన్న పిస్తోలు పట్టుకుని ఆమె కూడా దిగి పక్కకొచ్చింది.

"ఫోను కింద పడెయ్. ఇక్కడే ఉండు బెన్నీ. కాసేపు చాలు. నిన్ను చంపాలని నాకేం లేదు."

"విశ్వనాథాన్ని కూడా చంపాలని లేదా?"

"అతను వినలేదు."

బెన్నీ ఫోను కింద వేశాడు. ఇంజిన్ మీదున్న పాత గుడ్డను మెల్లగా చేతికి చుట్టుకున్నాడు. సెగలు కక్కుతున్న రేడియేటర్ మూతను తిప్పి తను పక్కకు వాలాడు. మరిగే నీళ్లు, ఆవిరి బుస్సుమని పైకి లేచాయి. రాజశ్రీ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పిస్తోలు పేలింది గానీ గుండు ఇండికా అద్దాన్ని మాత్రమే పగలగొట్టింది. మరుక్షణం పిస్తోలు బెన్నీ చేతిలో ఉంది, రాజశ్రీ చేయి బేడీలతో స్టీరింగుకు ఉంది. ఫోనందుకుని చీఫ్‌కు రెండు ముక్కల్లో చెప్పాడు. కాన్వాయ్ వెళ్తున్న అన్నోజిగూడ వైపు పోలీసులు చేరేసరికి ఆలస్యమవుతుందని జవాబు వచ్చింది.

వెనక నుంచి జనగామ బస్సు వస్తోంది. బెన్నీ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపాడు. ఐడీ కార్డు, పిస్తోలు రెండూ చూసిన డ్రైవరు రెండో ప్రశ్న వేయలేదు. "జర గట్టిగ పట్టుకో అన్న," అని మాత్రం అన్నాడు. బస్సులో ఆడవాళ్లు ఏసును, ఎల్లమ్మను కలిపి తలుచుకున్నారు. నారపల్లి వెనకబడింది. జోడిమెట్ల వెనకబడింది. ముందు దుమ్ములో ట్రక్కు కనబడింది. దాని గొట్టంలోంచి పొగ సన్నగా, నల్లగా వస్తోంది. ముందు జీపు నుంచి కూడా.

వెనక జీపులోని కమాండోలు బస్సు మీదికి తుపాకులు ఎత్తారు. బెన్నీ కార్డును గాలిలో ఊపుతూ ఫుట్‌బోర్డు మీద వేలాడాడు. బస్సు ట్రక్కు పక్కకు వచ్చింది.

"మామా! బండి ఆపు!"

దేవసహాయం తల తిప్పి చూశాడు. ఇన్సూరెన్స్ చేసే అల్లుడు పిస్తోలు పట్టుకుని బస్సుకు వేలాడుతున్నాడు. ముసలాయన కళ్లు మళ్లీ రోడ్డు మీదికి వెళ్లాయి.

"ఎవ్వలకు ఆపద్దని ఆర్డరున్నది," అన్నాడు. "అల్లుడైనా అంతే. దూరం జరుగు బెన్నీ. ఆళ్లు కాలుస్తరు."

ముందు రోడ్డు చెరువు గట్టును చుట్టి మలుపు తిరుగుతోంది. మలుపు అవతల ఏముందో కనిపించదు. ట్రక్కు ఇంజిన్ ఒకసారి తడబడి మళ్లీ అందుకుంది. ఇక మిగిలింది ఒక్కటే. బండి ఆపించేందుకు, ఆ పొద్దున తాళం వేసిన గదిలో డ్రైవరుకు, చీఫ్ పంపిన ఏజెంటుకు మాత్రమే విడివిడిగా చెప్పిన మాట. దాన్ని పలికితే ఇన్నేళ్ల అబద్ధం మామ ముందు కూలిపోతుంది.

"సారెల పసుపు తక్కువైంది మామా," అన్నాడు బెన్నీ.

దేవసహాయం ముఖం కదల్లేదు. కాలు మాత్రం బ్రేకు మీద పడింది. ట్రక్కు మలుపు మొదట్లోనే కీచుమని ఆగింది. ట్రక్కు హారను విని ముందు జీపు కూడా ఆగింది. ఇంజిన్లు ఒకటి తర్వాత ఒకటి చచ్చిపోయాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. చెరువు మీద నుంచి వచ్చే గాలి తప్ప ఏమీ వినిపించలేదు.

బెన్నీ చెప్పింది విని కమాండోలు గట్టు చాటుగా పాక్కుంటూ మలుపు దాటారు. అవతల అన్నోజిగూడ రోడ్డు వెడల్పు పనుల బోర్డు, దారికి అడ్డంగా రోడ్డు రోలరు, నారింజ జాకెట్లు వేసుకున్న కూలీలు. పారల పక్కన గోనెసంచుల కింద తుపాకులు. అందరూ మలుపు వైపే చూస్తూ, ఇంకా రాలేదేమని ఎదురుచూస్తున్నారు. వెనక నుంచి వచ్చిన వాళ్లను చూడలేదు. కాల్పులు కొద్దిసేపే. కాంట్రాక్టరు హెల్మెట్ పెట్టుకున్న తెల్లదొర ఒకడు చెరువులోకి దూకాడు. చెరువులో నీళ్లు తక్కువ, బురద ఎక్కువ. మోకాళ్ల దాకా దిగబడి తనే చేతులెత్తాడు.

అంతా అయ్యాక దేవసహాయం ట్రక్కు మెట్టు మీద కూర్చున్నాడు. బెన్నీ ఎదురుగా నిలబడి, ఆ మందు పోసింది తనేనని చెప్పాడు.

"మరియాకు ఎరికేనా, నువ్వు జేసే పని?"

"లేదు మామా."

"నేనైతే చెప్ప," అన్నాడు దేవసహాయం. "నువ్వు గూడ చెప్పకు. ఎరికైతే మనిద్దరి కోసం రోజూ మోకాళ్ల మీద పడి ప్రార్థన జేస్తది. నా ఒక్కని కోసమే సాల్తలేదు దానికి పొద్దు."

జామర్ ఆపగానే, గైడెన్స్ యూనిట్ కోసం రైలు ఆగి ఉందని ఘట్‌కేసర్ నుంచి వైర్‌లెస్‌లో ఒకటే గోల. మూడు బళ్లలో ఒక్కటీ స్టార్టు కాదు. బళ్లను లాగేందుకు పిలిచిన క్రేను ఉప్పల్ గుంతల్లో ఎక్కడో ఇరుక్కుంది. దేవసహాయం లేచి, ముఠా వదిలిన రోడ్డు రోలరు దగ్గరికి వెళ్లి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. దాంట్లో ఎవ్వడూ ఏమీ పొయ్యలేదని తేల్చాడు. ట్రక్కుకు గొలుసు కట్టి, రోలరు సీటెక్కి కూర్చున్నాడు.

దేశంలోకెల్లా వేగంగా ఎగిరే క్షిపణికి దారి చూపాల్సిన యంత్రం, ఆ మధ్యాహ్నం అటూ ఇటూ కమాండోలు కాలినడకన కాపలా కాస్తుండగా, దారిలో ఎడ్లబండికి సైడిచ్చి, ఘట్‌కేసర్ చేరింది.