నల్లజీడి గుర్తులు

జులై నెల కువైట్‌లోని రుమైథియాలో పొద్దు పొడవకముందే ఎండ పొడుస్తుంది. ఆ ఎండలో ఇస్త్రీపెట్టె ముందు నిలబడాలంటే మనిషికి ఆకలన్నా ఉండాలి, పెండ్లామంటే భయమన్నా ఉండాలి. చిన్నపుల్లయ్యకు రెండూ ఉన్నాయి. ఆ పొద్దు కూడా షట్టర్ ఎత్తి, తెల్లటి అరబ్బీ అంగీ ఒకటి బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించాడు. వెనక గదిలోంచి టకటకమని చప్పుడు మొదలయ్యేసరికి మొహం చిట్లించాడు.

"మొదలుపెట్టినావా మే, పొద్దున్నే?"

"నీ గొణుగుడు మొదలైనాకనే పెట్టినా సామీ," అంది తిరుపాలమ్మ లోపల్నుంచి.

ఆ చప్పుడు ఒక మిషనుది. షర్క్‌లో ఏదో ఆఫీసు మూసేస్తూ సామాన్లు అమ్ముతుంటే కొనుక్కొచ్చింది. సన్నటి గుడ్డపట్టీ మీద అరబ్బీ అక్షరాలు కొడుతుంది. ఇస్త్రీపెట్టె వేడి తగిలితే ఆ పట్టీ చొక్కా కాలరు లోపల అతుక్కుపోతుంది. పట్టీ మీద మనిషి పేరు, వీధి, ఇంటి నంబరు, ఫోను నంబరు. ఎవరు చదివినా ఏ గుడ్డ ఏ ఇంటిదో తెలిసిపోతుంది.

అరబ్బీ అక్షరాలు ఆమెకు బదర్ అనే కువైటీ పిల్లవాడి దగ్గర వచ్చాయి. పదిహేనేండ్ల కిందట రాయచోటి నుంచి వాళ్ళ ఇంట్లో పనికి వచ్చినప్పుడు బదర్‌కు అక్షరాలు దిద్దే వయసు. వాడి పక్కన కూర్చుని అన్నం తినిపిస్తూ ఆమె కూడా దిద్దింది. తర్వాత వాళ్ళ నాయనే కఫీలై, అంటే వీసాకు పూచీ పడి, చిన్నపుల్లయ్యను పిలిపించి, తన పేరుతో ఈ ఇస్త్రీ అంగడి పెట్టించాడు. బదర్ ఇప్పుడు పోలీసులో చేరాడు. వాడి యూనిఫారాలు ఈ అంగడికే వస్తాయి. వాటిని ఇంకొకరు ముట్టుకుంటే తిరుపాలమ్మ ఊరుకోదు.

అంగడికి ఆమె చేసినవి ఇంకా ఉన్నాయి. రేట్లు గోడ మీద రాయించింది. అయిన బట్టలకు ఒక కడ్డీ, కావలసిన వాటికి ఇంకో కడ్డీ వేయించింది. బట్టలు సిద్ధమైతే ఇంటికి ఫోను చేసి చెబుతుంది. గిరాకీ పెరిగింది. పెరిగిన గిరాకీని చూసి మొగుడు సంతోషపడాలని లోకం అనుకుంటుంది. లోకానికేం తెలుసు. పెండ్లాం తెలివితో నిండిన అంగడిలో మొగుడికి నిలబడను చోటు తగ్గుతుంది.

చిన్నపుల్లయ్య చదువు నాలుగో తరగతితో ఆగింది. ఆయన చదువంతా పాపఘ్ని రేవులో నాయన నేర్పింది. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో గుడ్డ అంచున గుర్తు పెట్టి, మీద సున్నం రాస్తే గుడ్డ చిరిగినా గుర్తు పోదు. చుక్క, గీత, కొక్కెం, కొడవలి కలిపి ఇంటికొక గుర్తు. అవి ఆ వంశంలో తండ్రి కొడుక్కి చెప్పేవి. కూతురు ఇంకో ఇంటికి పోతుందని ఆమెకు చెప్పరు. కోడలు ఇంకో ఇంటినుంచి వచ్చిందని ఆమెకూ చెప్పరు. తిరుపాలమ్మ అడిగినప్పుడల్లా, ఆడదానికెందుకు అని నవ్వేసేవాడు.

పోయిన ఏడు ఆయనకు కామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. అంగడినిండా బట్టలు. ఏది ఎవరిదో చెప్పే మనిషి ఒళ్ళెరగని జ్వరంలో ఉన్నాడు. తిరుపాలమ్మ ఆ మూటలు నెత్తిన పెట్టుకుని గడపగడపకూ తిరిగి, ఇది మీదేనా అని అడిగింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. ఆయన లేచి తిరిగే నాటికి మిషను వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. ఆయన మాత్రం దాన్ని సవతిలాగే చూశాడు.

ఆ జులై పోయి ఆగస్టు వచ్చిన తొలి గురువారం తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు కువైట్ వీధుల్లో ఉన్నాయి.

మొదటి రోజుల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వీధి మొగల్లో సైనికులు నిలబడ్డారు. రొట్టెల అంగడి ముందు వరుసలు పెరిగాయి. బదర్ వాళ్ళమ్మ ఫోను చేసి గుసగుసగా చెప్పింది. బదర్ ఎవరివో బట్టలు వేసుకుని సందుల వెంబడి ఇల్లు చేరాడట. బయటికి రావడం లేదట. సైనికులు పోలీసులనూ పటాలం వాళ్ళనూ వెతుకుతున్నారట. ఇంటివైపు రావద్దమ్మా అని ఏడ్చింది. "సరే మామా," అంది తిరుపాలమ్మ. అక్కడ ఇంటి యజమానురాలిని అట్లే పిలుస్తారు. ఫోను పెట్టేసి కడ్డీ కేసి చూసింది. కడ్డీ మీద బదర్ యూనిఫారాలు వేలాడుతున్నాయి.

అహ్మదిలో కంపెనీ బస్సు తోలే మద్దిలేటి, ఊరికి పోయే దారి కనుక్కుందామని వచ్చి, ఇంకో సంగతి చెప్పి పోయాడు. పక్క బ్లాకులో ఒక ఈజిప్టు వాడి ఇస్త్రీ అంగడి తాళం పగలగొట్టి సైనికులు యూనిఫారాలు బయటికి లాగారట. చీటీల మీద పేర్లు చూసి నేరుగా ఆ ఇండ్లకు పోయారట.

మద్దిలేటి పోయాక చిన్నపుల్లయ్య కడ్డీ దగ్గరికి వచ్చి ఒక కాలరు తిప్పి చూశాడు. బదర్ పేరు, వీధి, ఇంటి నంబరు, ముత్యాల్లాంటి అక్షరాలు.

"వాళ్ళకు దావ వెతుక్కునే పని కూడా పెట్టలేదే నువ్వు," అన్నాడు. "ఇంటి తలుపు దాకా రాసి పెట్టినావు."

అక్కడితో ఆయన ఆగి ఉంటే బాగుండేది. సంవత్సరం పాటు మింగిన మాటలు నోటిదాకా వస్తే ఆపే మొగుడు ఎక్కడున్నాడు. జీడిగుర్తయితే ఏ సైనికుడు చదివేవాడని, తాతల పనిని పక్కనబెట్టి మిషన్లు తెచ్చుకుంటే ఇట్లే ఉంటుందని, ఇప్పుడు ఆ యూనిఫారాలన్నీ నూనె పోసి కాల్చడం తప్ప గతిలేదని అన్నాడు.

తిరుపాలమ్మ అడ్డం వచ్చి కడ్డీకి ఆనుకుని నిలబడింది.

"కాల్చేది సచ్చినోళ్ళ గుడ్డలు. బతికున్న బిడ్డ గుడ్డకు నా చేతుల్తో నిప్పు పెట్టను."

"మరి ఏం జేస్తావు?"

"నేనేం జేస్తా. నాకేం తెలుసు." ఆమె కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. "నీ గుర్తులు నాకు చెప్పింటే ఈ మిషను నేను తెచ్చేదాన్నా? నువ్వు ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నెత్తిన మూట పెట్టుకుని ఊరంతా తిరిగితి. ప్రతి గడపలోనూ ఒకటే అనుకున్యా, నా మొగునికి నేను ఇంకా బయటిదాన్నే అని. ఇప్పుడు వాళ్ళు నిన్ను పట్టుకోని పోతే ఈ గుడ్డలకు దిక్కెవరు? అప్పుడూ నెత్తిన మూటే గదా నాకు."

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. బయట ఏదో బండి పోయింది. ఇద్దరూ వీధి కేసి చూశారు. తాను దాచింది కులవిద్య అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది కులవిద్య కాదు. ఈ ఇంట్లో తనకంటూ మిగిలిన ఒక్క పెత్తనం. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, కట్టుకున్న మనిషిని వీధులు తిప్పాడు.

లేచి, గూట్లోంచి నల్లజీడి గింజల సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఆ రసానికి చెయ్యి కాల్తాది. కొబ్బరినూనె రాసుకో ముందు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా షట్టర్ దించుకుని పని చేశారు. యూనిఫారాలకే కాదు, అంగడిలోని ప్రతి గుడ్డకూ ఆయన ఇస్త్రీపెట్టెతో పట్టీని వేడి చేస్తే, జిగురు కరగగానే ఆమె లాగేసింది. పట్టీలన్నీ ముక్కలు చేసి మురుగులో పోశారు. తర్వాత గుర్తులు. వీధికి గీతలు, మొగకు కొక్కెం, కొక్కెం ఎడమకు తిరిగితే ఎడమ వరుస, చుక్కలు ఇండ్లు. నాయన చెప్పినట్టే చెప్పాడు. తప్పు పెట్టినప్పుడు నాయన కొట్టినట్టు మాత్రం కొట్టలేదు.

"ఇంత సులువా," అంది ఆమె. "దీనికా నువ్వు అంత ఎగిరింది?"

"సులువని తెలిస్తే నన్ను ఎవరు లెక్కజేస్తారు మే?"

ఆమెకు నవ్వు వచ్చింది. ఇండ్లమీద తుపాకులు తిరుగుతున్న ఆ రోజుల్లో ఆ అంగడిలో ఎవరో నవ్వారంటే అది ఆ మధ్యాహ్నమే.

ఆ వారంలోనే సైనికులు వచ్చారు. చిన్నపుల్లయ్య అప్పుడు రొట్టెల వరుసలో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి అంగడి ముందు జీపు ఆగి ఉంది. గుమ్మం పక్కనే నిలబడిపోయాడు.

లోపల ఒక సైనికుడు బదర్ చొక్కా పట్టుకుని ఇది ఎవరిదని అరబ్బీలో గద్దిస్తున్నాడు. తిరుపాలమ్మ అంచు తిప్పి గుర్తు చూపించింది. ఇవి మా ఆయన పెట్టే గుర్తులయ్యా, నాకు తెలియవు, అంది. మీ ఆయన ఎక్కడ అన్నాడు వాడు.

"మొదటి బస్సుకే పాయె," అంది అరబ్బీలో. "నన్ను ఇడిసిపెట్టి పాయె. ఆడదానికి గుర్తులు చెప్తే అంగడి మునుగుతుందని ఒక్కటీ చెప్పలా. ఈ గుడ్డలు ఎవరివో తెలీక నేను ఏడుస్తాండా. నీకు చదవను వస్తే చెప్పు కొడుకా, నీకు పుణ్యముంటాది."

అని నిజంగానే ఏడ్చింది. సైనికుడు గుర్తు కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు. మీసం సరిగ్గా రాని వాడు. అట్లాంటి మగవాళ్ళు మా ఊర్లోనూ ఉన్నారమ్మా అన్నాడు. యూనిఫారాలన్నీ గోనెసంచిలో కుక్కుకుని, ఖలాస్, ఇక చాలని బయటికి వచ్చాడు. గుమ్మం పక్కన రొట్టెలు పట్టుకుని నిలబడిన మనిషిని ఎవరో గిరాకీ అనుకున్నాడు. చేతిలోంచి ఒక రొట్టె లాక్కుని జీపెక్కాడు.

చిన్నపుల్లయ్య లోపలికి పోయాడు. ఆమె నేల మీద కూర్చుని ఉంది.

"గుడ్డ పాయె," అంది. "బిడ్డ మిగిల్నాడు."

ఆయన ఎదురుగా కూలబడ్డాడు. మిగిలిన రొట్టెలు ఒళ్ళోనే ఉన్నాయి.

"నేను నిన్ను ఇడిసి పోతానా మే?"

"అది అబద్ధంలే. అబద్ధం నిలబడాలంటే పక్కన ఒక నిజం ఉండాల. పెండ్లయినప్పటి నుంచి మొన్నటిదాకా నాకు గుర్తులు చెప్పలేదనే నిజం ఉండాది నా దగ్గర. దాంతోనే వాడు నమ్మినాడు."

ఆయన కండ్లనీళ్ళు రొట్టెల మీద పడుతుంటే ఆమె వాటిని పక్కకు జరిపి, "తినేవి తడపొద్దు," అంది. ఆ మాట అంటూనే కొంగుతో ఆయన మొహం తుడిచింది.

ఊరికి పోను ఇరాక్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు పోయే బస్సులో చోటు దొరికిందని మద్దిలేటి కబురు తెచ్చినప్పుడు అంగడిలో ఇంకా మామూలు బట్టలు మిగిలి ఉన్నాయి. పోతే పోయినాయి, ప్రాణం ముఖ్యం అన్నాడు మద్దిలేటి. మొగుడూ పెండ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బట్టలు రెండు మూటలు కట్టి చెరొక వీధి పట్టుకున్నారు. గుర్తులు తెలిసిన మనిషి ఒక్కరే ఉంటే ఆ పని ఆ పొద్దుకు తెమిలేది కాదు.

ఆమె వీధి మొగకు వచ్చేసరికి ఆయన అప్పటికే అక్కడ ఉన్నాడు. బదర్‌ను కూడా చూసి వచ్చానని, వాడు గడ్డం పెంచాడని, తల మీద ముద్దు పెట్టుకుని మళ్ళీ రమ్మన్నాడని చెప్పింది. చెబుతూ ఆయన చంక కేసి చూసింది. మడత చెదరని అంగీ ఒకటి ఇంకా అక్కడే ఉంది.

"అదేంది?"

"ఎడమ కొక్కెం అనుకుని ఒకరింట్లో ఇచ్చినా. మాది కాదని ఎనక్కిచ్చినారు. నువ్వు పెట్టిన గుర్తు ఇది, ఎవురిదో తెలీడం లేదు." ఆయన నేల చూపులు చూస్తూ అంచు తిప్పి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు జూడు."

తిరుపాలమ్మ గుర్తును బొటనవేలితో తడిమి చూసింది. కుడి వరుసలో చివరి ఇల్లు అని చెప్పి, అటు నడిచింది. బస్సు పోతుందేమో అని ఆయన అననూ లేదు, అంగీ ఆమె చేతికి ఇవ్వనూ లేదు. తానే మోసుకుంటూ ఆమె వెనక నడిచాడు.