సుకుమారి చేసిన మిషను

రాత్రి గాలివానకు పోయిన కరెంటు తెల్లారినా రాలేదు. మిక్సీ పనికి రాకపోవడంతో లిదియమ్మ రోట్లో పచ్చడి నూరుతూ, ఉదయగిరి కొండను వదలని మబ్బును చూసి విసుక్కుంటోంది. సెలవులకు వచ్చిన కూతురు సుకుమారి ఇంకా ముసుగు తీయలేదు. ఇంజనీరింగు ట్రిపుల్ ఈలో మూడో ఏడు ముగించిన ఆ పిల్లకు నిద్రలో పరీక్ష పెడితే కాలేజీ ఫస్టు.

శీనయ్య మాత్రం చీకటితోనే లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"చేనికి పోయేదానికి ఇస్త్రీ చొక్కా ఎందుకయ్యా?" అని నవ్వింది లిదియమ్మ.

"ఆత్మకూరు నుంచి గోపాలయ్య వస్తుండాడు. ఆయన నిమ్మతోటలో పందులు పడతా ఉండాయంట. నా కూతురు చేసిన మిషను చూడాలంట!" అని మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మిషను కథ ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు. ఏటా శనక్కాయ చేను సగం అడవి పందులకే పోయేది. పోయిన వేసవిలో సుకుమారి, కాలేజీ ప్రాజెక్టు అంటూ ఒక డబ్బా తెచ్చి చేని షెడ్డులో బిగించింది. చేను చుట్టూ కట్టిన తీగలోకి అది టక్ టక్ మంటూ ఆగి ఆగి కరెంటు వదులుతుంది. పంది మూతి తగిలిందా, అదిరిపడి పారిపోతుంది, అంతేగానీ చావదు.

అప్పటినుంచి శీనయ్య కాళ్ళు నేలమీద నిలవలేదు. ఎవరొచ్చినా చేనికి లాక్కుపోవడమే. చెప్పులుంటే దెబ్బ తెలియదని వాటిని విప్పేసి, ఉత్త కాళ్ళతో నిలబడి తీగ పట్టుకునేవాడు. జర్కు తగలగానే ఎగిరి గంతేసి, "చూసినారా! చీమ కుట్టినట్టు ఉంటాది, ప్రాణం మాత్రం తీయదు. నా బిడ్డ చేసింది!" అని విరగబడి నవ్వేవాడు. ఈ సంగతి ఫోన్లో చెప్పినప్పుడల్లా సుకుమారి "సరేలే నాయనా, ఊరికే పట్టుకోబాకు" అని మాట మార్చేది. పిల్లకు పొగడ్తలు గిట్టవనుకుని లిదియమ్మ మురిసిపోయేది. పిచ్చితల్లి, అంతకు మించి ఆలోచించలేదు.

సుకుమారి లేచి బ్రష్షు నోట్లో పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆమెను చూడగానే లిదియమ్మకు నిన్నటి మాట గుర్తొచ్చింది.

"పాపా, నిన్న పొద్దుగూకేటప్పుడు నేనే పోయి నీ డబ్బా ఆన్ చేసినాను. ఎప్పుడూ టక్ టక్ మనేది గదా, నిన్న అనలా. లోపల తుమ్మెద దూరినట్టు ఒకటే మోత. మొన్నటి వానకు పాడయినాదో ఏందో."

సుకుమారి చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"ఆగకుండా మోగతా ఉండిందా?"

"ఆఁ. ఏమే, అట్టా చూస్తావు?"

"అమ్మా, అట్టా మోగితే డబ్బా లోపల కాలిపోయినట్టు. కరెంటు నేరుగా తీగలోకి పోతాది. మన ఇంట్లో వైరు పట్టుకున్నట్టే. అందులో నేలంతా తడి. పట్టుకుంటే మనిషిని వదలదమ్మా. నాయన ఏడీ?"

లిదియమ్మ నూరుడు ఆపింది. "గోపాలయ్యకు చూపించేదానికి చేనికి పోయినాడు. ఫోను చార్జింగు లేదని గూట్లోనే పెట్టిపోయినాడే!" అని, తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ, "ఇప్పుడు కరెంటు లేదు గదా. ఏం కాదులే" అంది.

ఆ మాట నోట్లో ఉండగానే వసారాలో ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

ఇద్దరూ ఒక్క క్షణం దాని వంక చూశారు. తర్వాత తలుపు కూడా వేయకుండా పరుగందుకున్నారు. బురదలో జారుతూ, లేస్తూ, "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప లిదియమ్మకు ఇంకో మాట రాలేదు. డబ్బా ఆన్ చేసింది తన చెయ్యే కదా అన్న తలపు ఆమెను అడుగడుగునా పొడిచింది.

కొండ కింద చేను కనబడింది. గట్టుమీద గోపాలయ్య బండి ఆగి ఉంది. తీగ పక్కన శీనయ్య ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతున్నాడు.

"నాయనా! పట్టుకోబాకు!" సుకుమారి దూరం నుంచే అరిచింది.

శీనయ్య తలెత్తి చూసి నవ్వాడు. "చూసినావా గోపాలయ్యా! నాయనకు నొప్పెడతాదని ఎట్టా వస్తా ఉండాదో!"

"అది చెడిపోయింది నాయనా! చచ్చిపోతావు!"

"నువ్వు చేసింది చెడిపోతాదా? ఎన్నిసార్లు పట్టుకోలా నేను! నాకేమన్నా అయినాదా?" అంటూ రెండో చెప్పు కూడా విప్పాడు. తడినేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి చెయ్యి చాచాడు.

వాళ్ళిద్దరూ ఇంకా సగం చేనంత దూరంలో ఉన్నారు. సుకుమారి ఉన్నచోటే నిలబడి గొంతు చించుకుంది.

"నేను చేయలేదు నాయనా! షాపులో కొన్నాం! దాంట్లో ఏముందో కూడా నాకు తెలీదు!"

శీనయ్య చెయ్యి తీగకు జానెడు దూరంలో ఆగిపోయింది.

సుకుమారి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. లిదియమ్మ షెడ్డులోకి పోయి, ఎండు కట్టెతో స్విచ్చి కొట్టింది. మోత ఆగింది. తీగ వెంబడి చూసుకుంటూ పోతున్న గోపాలయ్య ఒకచోట వంగి, "శీనయ్యా, ఇట్టా రా" అని పిలిచాడు. తీగ కింద ఒక కుందేలు పడి ఉంది. దాని మూతి నల్లగా కాలిపోయింది. గోపాలయ్య దాన్ని చూశాడు, శీనయ్య ఉత్త కాళ్ళవైపు చూశాడు, బండెక్కి వెళ్ళిపోయాడు.

శీనయ్య గట్టుమీద కూలబడ్డాడు. సుకుమారి ఎదురుగా తల దించుకుని నిలబడింది.

"మా కాలేజీలో చానా మంది కొంటారు నాయనా. మా బ్యాచీ కూడా కొనింది. డబ్బా విప్పమని ఎవరూ అడగలా, మార్కులు వేసేసినారు. ఇంటికి తెచ్చేసరికి నేనే చేసినాననుకున్నావు. నువ్వు ఊరంతా చెప్పుకుంటా ఉంటే నాకు నోరు రాలేదు."

లిదియమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నీ సిగ్గు కోసం మీ నాయన ప్రాణం తీసేదానివి గదే!" అని చెయ్యెత్తింది. శీనయ్య ఆ చేతిని పట్టుకుని ఆపాడు. ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"నాకు కరెంటంటే చిన్నప్పటినుంచి దడ పాపా. మోటరు స్విచ్చి వేయాలన్నా మీ అమ్మనే పిలుస్తాను, అడుగు. కొన్నదని చెప్పుంటే ఆ తీగ దరిదాపులకు కూడా పోయేవాణ్ణి కాదు. నువ్వు చేసినావనే కదమ్మా పట్టుకున్నాను."

సుకుమారి ఆ బురదలోనే ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాకేమీ రాదు నాయనా. మూడేళ్ళు చదివినా చేత్తో ఒక్కటీ చేయలేదు."

"రాకపోతే నేర్చుకో. ఇంకో ఏడాది ఉండాది గదా. ఈసారి పంట పందులు తింటే తిననీ" అన్నాడు శీనయ్య.

తీగ మీద పడాల్సిన చెయ్యి కూతురి తలమీద పడింది.