పాడే ఆమె ఎటు పోయింది?

డప్పు వచ్చింది. వేణువు వచ్చింది. పాడే ఆమె మాత్రం రాలేదు!

నవనీత పాట ఆపి మళ్లీ పెట్టింది. ఊహూఁ. వాయిద్యాలే తప్ప గొంతు లేదు.

పొద్దున ఆ పిల్ల చేతులు ఊరుకోలేదు మరి. స్విచ్ ఆపి, ఒక స్పీకర్ ఊడదీసింది. రెండో స్పీకర్ తీగలు రెండింటినీ ఆంప్లిఫయర్ వెనక ఉన్న రెండు ఎర్ర రంధ్రాల్లోనే దూర్చింది. నల్లవాటి మొహమైనా చూడలేదు.

ఆ ఆంప్లిఫయర్ మేనమామ యాదయ్య చేసిచ్చింది. కోదాడలో పెళ్లిళ్లకు సౌండు పెట్టే మనిషి ఆయన. అది పూర్తిగా మోగితే మేళ్లచెరువు సిమెంటు లారీలు హారన్ కొట్టడానికి సిగ్గుపడతాయి. నమ్మకపోతే లారీలనే అడగండి.

అంతలో మామ బండి వాకిట్లో ఆగింది. ఆ సాయంత్రం నవనీతను, తమ్ముడు శ్రీనును పెళ్లికి తీసుకెళతానని మాటిచ్చాడు. షరతు ఒక్కటే: ఆంప్లిఫయర్ పెట్టె ముట్టినవాళ్లు బండెక్కరు.

పాట విని మామ కళ్లు చిట్లించాడు. "పాడే ఆమెను మింగిందెవరు కోడలా?"

నవనీత కన్నా ముందు ఆమె నోరు ఉరికింది. "శ్రీనుగాడు మామా!"

"నేనా? నేనేం జేసిన అక్కా?"

"అయితే నువ్వు ఇంటికాడనే ఉండు అల్లుడా" అన్నాడు మామ.

ఏడేళ్ల శ్రీను ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గోడవైపు తిరిగి, పెళ్లికని తొడుక్కున్న కొత్త చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పసాగాడు. మూడో గుండీకల్లా నవనీత ఇక ఆగలేకపోయింది.

గబగబా వెళ్లి ఆ గుండీలు మళ్లీ పెట్టింది.

"నేనే ముట్టిన మామా. వీణ్ణి తీస్కపో. నేను ఇంటికాడుంట."

మామ ఆంప్లిఫయర్ వెనక తొంగిచూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"డప్పు ఒక దిక్కు, వేణువు ఇంకో దిక్కు వస్తయ్. ఆమె గొంతు రెండు దిక్కులా ఒకతీర్గనే వస్తది. నువ్వు స్పీకర్‌ను కుడి ఎర్రకు, ఎడమ ఎర్రకు నడుమ పెట్టినవ్. ఇద్దరు సమానంగ గుంజితే తాడు కదుల్తదా? గట్లనే గొంతు ఖతం! కొన్ని మిషన్లయితే గిట్ల చేస్తే కాలిపోతయ్ బిడ్డా. ఇగ సక్కగ పెట్టు. నా చాయ్ అయ్యేలోపల ఆమె వస్తే నువ్వు గూడ బండెక్కు."

నవనీత స్విచ్ ఆపి, రెండు స్పీకర్లకూ ఎర్రకు ఎర్ర, నల్లకు నల్ల కలిపింది. చాయ్ సగముండగానే పాడే ఆమె ఇల్లదిరేలా తిరిగొచ్చింది. శ్రీను వేసిన గంతుకు బెదిరి ఇంటిమీదెక్కిన కోడి మూడు రోజులు దిగలేదు!

కోదాడలో బరాత్ ఊరేగింపు మొదలవబోతుండగా ఒక స్పీకర్ టక్కున ఆగిపోయింది. మామ చుట్టూ చూశాడు. ఎవరని అడిగేలోపే నవనీత చెయ్యి పైకి లేచింది.

"నేనే మామా! నా కాలు తాకింది. నల్ల తీగ ఊడింది, గీడ సూడు!"