కొలత కర్ర దాకా వెళ్లని సాయంత్రం

లెక్కల పీరియడ్ సగంలో ఉండగా రేకుల కప్పు మీద వాన మళ్లీ మొదలైంది. కపిటో సారు ఏం చెబుతున్నారో ముందు వరుసలో వాళ్లకు కూడా వినపడలేదు. ఆయన నోరు మాత్రం కదులుతోంది. చివరికి విసుగొచ్చి సుద్దముక్క బల్ల మీద పడేశారు.

"పొండి, ఇళ్లకు పొండి! దారిలో నీళ్లగుంటల్లో దిగి ఆడారంటే వీపులు మోగుతాయి!"

పిల్లలంతా కేకలు పెట్టారు. ఫనెసి మాత్రం పెట్టలేదు. ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

వాన అంటే ఆమెకు ఇష్టమే. వాన వచ్చినప్పుడల్లా ఇంట్లో జరిగే తతంగమే ఇష్టం లేదు. ఈ నెలలో ఇది మూడోసారి. మొదటిసారి వరద వస్తుందన్నారు. దుప్పట్లు, గిన్నెలు, మొక్కజొన్న బస్తా, మేక, అన్నీ మోసుకుని మెరక మీదున్న ఇదే బడికి వచ్చి పడుకున్నారు. వరద రాలేదు. రెండోసారీ అంతే. మేక రాత్రంతా ఫనెసి చెవి దగ్గరే అరిచింది. తెల్లారి చూస్తే ఏరు ఎక్కడిదక్కడే ఉంది.

ఈ హెచ్చరికలు చేసేది ఎవరో కాదు, స్వయానా ఆమె తల్లి ఎస్నాత్.

న్కొంబే ఏట్లో ఒక కొలత కర్ర పాతారు. దానికి కింద ఆకుపచ్చ, మధ్యలో పసుపు, పైన ఎరుపు రంగులు. పక్కన అంకెలు. ఊరి వరద కమిటీ తరఫున ఎస్నాత్ ఆ కర్రను పొద్దున, సాయంత్రం చూస్తుంది. నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో పుస్తకంలో రాసుకుంటుంది. తర్వాత కింది ఊరు చిపేటాకు ఫోన్ చేస్తుంది. ఇక్కడ పెరిగిన నీళ్లు రెండు గంటల్లో చిపేటాకు చేరతాయి. అది బాగా పల్లంలో ఉన్న ఊరు. ఫనెసి నాయనమ్మ డొరిక, బాబాయి లస్టన్ ఉండేది అక్కడే.

ఫనెసి ఇంటికి చేరేసరికి తమ్ముడు తియాంజే గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. వాడికి జ్వరం. అమ్మ వాడిని చితెంజే గుడ్డతో వీపుకు కట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పొయ్యి ఆరిపోయింది. ఒక మూల కప్పు కారుతోంది.

"వచ్చావా! బ్యాగు అక్కడ పడేసి కొలత కర్ర చూసి రా. ఈ వానలో వీడిని తీసుకెళ్లలేను."

"నేనా? ఇప్పుడేగా వచ్చాను!"

"గట్టు మీద నుంచే చూడు. నీళ్ల దగ్గరికి దిగావంటే కాళ్లు విరగ్గొడతాను. అంకె చూసి వెంటనే వచ్చెయ్."

"ఎందుకమ్మా ఈ గోల? రెండుసార్లు వస్తుంది, వస్తుంది అన్నావు. వచ్చిందా? మీ అమ్మకు మేకను ఊరేగించడం సరదా అని క్లాసులో అందరూ నన్ను ఏడిపిస్తున్నారు."

"వరద రానందుకా నీ బాధ? వెళ్తావా, వెళ్లవా?"

ఫనెసి ఎరువుల సంచిని నెత్తిన కప్పుకుని బయల్దేరింది. పిండిమర దగ్గరికి రాగానే కుడి కాలు బురదలో దిగబడింది. గట్టిగా లాగింది. చెప్పు రాలేదు, దాని పట్టీ మాత్రం వచ్చింది. రెండు చేతులూ బురదలో పెట్టి తవ్వినా చెప్పు దొరకలేదు. సంచి జారి వీపంతా తడిసింది.

ఆమె మర గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. అక్కడి నుంచి గట్టుకు ఇంకా అయిదు నిమిషాల నడక. ఏరు హోరు వినిపిస్తోంది. అది రోజూ వినిపించేదే.

'పొద్దున ఒకటిన్నర మీటరు ఉంది. ఇప్పుడూ అంతే ఉంటుంది' అనుకుంది. వెనక్కి తిరిగింది.

"ఎంత?" అంది అమ్మ.

"ఒకటిన్నర."

"పసుపు దాకా రాలేదా?"

"రాలేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా! ఎన్నిసార్లు అడుగుతావు?"

అమ్మ పుస్తకంలో రాసుకుని ఫోన్ తీసింది. "లస్టన్, ఒకటిన్నర. ఇంకా ఆకుపచ్చలోనే ఉంది. మా పిల్ల చూసొచ్చింది."

అటు నుంచి బాబాయి నవ్వు గట్టిగా వినిపించింది. "బతికించావు వదినా! మా అమ్మ అప్పుడే మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పద, పద అని నా ప్రాణం తోడేస్తోంది. విప్పుకోమని చెబుతాను."

ఫనెసి గోడ వైపు తిరిగి తల తుడుచుకుంది.

వాన తగ్గలేదు. వెలుతురు తగ్గుతూ వచ్చింది. అమ్మ మొక్కజొన్న సంకటి వండి ఎండు చేపలు వేయించింది. ఫనెసి ఒక ముద్ద చేసింది. దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నాయనమ్మ మూట విప్పుతున్నట్టే కళ్ల ముందు కనిపిస్తోంది. దుప్పటి తీసి పరుస్తోంది. గిన్నె తీసి పొయ్యి మీద పెడుతోంది.

"తినవేం? మళ్లీ చేపలు బాగాలేవా?"

"అమ్మా, నేను కర్ర చూడలేదు."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావు?"

"మర దాకా వెళ్లి వచ్చేశాను. చెప్పు పోయింది."

"మరి ఒకటిన్నర ఎక్కడిది?"

"పొద్దుటిది."

"పొద్దుటి నీళ్లు సాయంత్రం దాకా నీ కోసం అక్కడే కూర్చుంటాయా? వెళ్లలేకపోయాను అని ఒక్క ముక్క అంటే నేనే వెళ్లేదాన్ని కదే! ఎదురింటి మాగినైనా పంపేదాన్ని!"

తిడుతూనే అమ్మ ఫోన్ అందుకుంది. "లస్టన్, ఇందాక చెప్పిన అంకె తప్పు. అసలు అంకె ఎంతో నాకు తెలీదు. తెలిసేదాకా ఆగొద్దు. అందరినీ కదిలించు. మా బడికి వచ్చేయండి, మెరక దారిలోనే రండి. ఏటి దారి పట్టొద్దు."

తర్వాత తియాంజేను ఫనెసి ఒళ్లో పెట్టింది. మాగి అత్తను తోడు తీసుకుని, టార్చి పట్టుకుని వెళ్లింది. కాసేపటికే పరుగున వచ్చింది. ఆమె కాళ్లు మోకాళ్ల దాకా బురదయ్యాయి.

"కర్ర దాకా వెళ్లనే లేదు. మర గుమ్మంలోకి నీళ్లు వచ్చేశాయి."

ఇందాక ఫనెసి నిలబడింది ఆ గుమ్మంలోనే.

అమ్మ విజిల్ ఊదింది. వీధంతా కదిలింది. ఫనెసి మేక తాడు చేతికి చుట్టుకుంది, బస్తాకు ఒక కొస పట్టింది. దారి పొడవునా ఒక్క మాట కూడా సణగలేదు. అమ్మ మాత్రం దారి పొడవునా సణుగుతూనే ఉంది.

బడిలో దీపాలు పెట్టారు. ఎనిమిది దాటాక చిపేటా వాళ్లు గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. ఫనెసి తలుపు దగ్గరే నిలబడి ఒక్కో ముఖాన్నీ చూసింది. చిట్టచివర లస్టన్ బాబాయి వచ్చాడు. ఆయన వీపు మీద నాయనమ్మ ఉంది. ఎడమ చెయ్యిని గుండెలకు అదుముకుని ఉంది. మణికట్టు బూరెలా వాచింది.

దించీ దించకముందే నాయనమ్మ అందుకుంది.

"నేను మూట కట్టుకుని కూర్చున్నానా లేదా? వెలుతురు ఉందా లేదా? ఆరు కోళ్లనూ బుట్టలో పెట్టానా లేదా? విప్పుకోమన్నారు, విప్పాను. కోళ్లను వదిలేశాను. మళ్లీ చీకటి పడ్డాక పరుగెత్తమంటారు. చీకట్లో నాకు కోళ్లు దొరుకుతాయా? దారి కనిపిస్తుందా? జారి పడ్డాను. ఒకటిన్నర అని చూసిన ఆ గుడ్డివాణ్ని నా ముందుకు తీసుకురండి!"

అమ్మ ఫనెసి వైపు చూసింది.

ఫనెసి ముందుకు వచ్చింది. "నేనే నాయనమ్మా. చూడకుండానే చెప్పాను."

నాయనమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా! ఆరు కోళ్లు, నా చెయ్యి. ఒక్క అంకెకు!"

ఫనెసి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆపు. బయట నీళ్లు చాలవా, నువ్వు కూడా పొయ్యాలా?" అంది నాయనమ్మ. "ముందు నా గుడ్డలు పిండు. చేతికి కట్టు కట్టించు. తిట్లు ఇంకా చాలా ఉన్నాయి, తీరిగ్గా తిడతాను."

అన్నట్టే తిట్టింది. ఫనెసి ఆమె చెయ్యిని దిండు మీద పెట్టి, పక్కనే కూర్చుని అన్నీ వింది. మధ్యలో నాయనమ్మకు నిద్ర పట్టింది.

తెల్లారేసరికి వాన సన్నబడింది. చిపేటాలో నీళ్లు కిటికీల దాకా వచ్చాయని బాబాయి చెప్పాడు. మనుషులు మాత్రం అందరూ బడిలోనే ఉన్నారు.

కపిటో సారు రాత్రంతా నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో, ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలో తిరుగుతున్నారు. పట్నం నుంచి జావ పిండి లారీ బయల్దేరబోతోంది. అయిదేళ్ల లోపు పిల్లలకు ఎన్ని ప్యాకెట్లు వేయాలో వాళ్లకు వెంటనే తెలియాలి.

"పసిపిల్లలు ఎంతమంది ఉంటారర్రా? సుమారుగా చెప్పండి!"

"నలభై అని చెప్పెయ్యండి సార్!" అన్నాడు ఎవరో కుర్రాడు.

"అంతే కదా ఫనెసీ? నలభై వేసెయ్యనా?"

నలభై అనే మాట ఫనెసి నోటి దాకా వచ్చింది.

"తెలీదు సార్. చూసొస్తాను."

"లైన్లో ఉన్నారు తల్లీ!"

"పది నిమిషాలు ఆగమనండి సార్."

ఆమె గది గదికీ వెళ్లింది. దుప్పట్లు ఎత్తి చూసింది. తల్లుల వీపుల మీద గుడ్డల్లో ఉన్నవాళ్లను లెక్కపెట్టింది. బల్లల కింద దూరి ఆడుకుంటున్న ముగ్గురిని బయటికి లాగింది. వాళ్లు మళ్లీ దూరారు, మళ్లీ లాగింది. ఒక తల్లి నిద్ర చెడగొట్టావని కసిరింది. ఫనెసి తప్పయిందని చెప్పి, ఆమె పక్కనున్న కవలలను కూడా కలుపుకుంది.

"యాభై మూడు సార్!"

"హమ్మయ్య! హలో, రాసుకోండి, యాభై..."

"ఆగండి సార్! వంటపాక వెనక ఎవరో పాప ఏడుస్తోంది. అటు చూడలేదు!"

ఆమె అప్పటికే వానలోకి పరుగెత్తింది.

కపిటో సారు నుదురు కొట్టుకున్నారు. ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నారు.

"ఇంకొక్క నిమిషం అండీ. మా పిల్ల ఇంకా చూస్తోంది."