గాలి లేకుండా తెరుచుకున్న తలుపు

ఆ ఉదయం కూడా తలుపు దానంతటదే తెరుచుకుంది. తెనాలిలో ఆకు కదలని ఎండాకాలం. టీ వడకడుతున్న ఇష్రత్ తలెత్తి చూసింది గానీ, లేచి మూయలేదు. అది భర్త అబూబకర్ గది. ఆయన పోయి మూడు నెలలయింది.

తలుపు పైనుంచి కప్పుదాకా గోడ పగిలింది. మొదట వెంట్రుకంత, ఇప్పుడు వేలు దూరేంత. మధ్యాహ్నాల్లో ఎవరో వేళ్లు విరుచుకున్నట్టు లోపల చిటుక్కుమనేది. ఇష్రత్‌కి అది భయం కాదు, తోడు.

కోడలు హీనా బ్యాగు సర్దేసింది. ఆమెకు ఐదో నెల.

"చీరాల మా అమ్మావాళ్లింటికి వెళ్లిపోతున్నా అత్తమ్మా. ఈ ఇంటికిక రాను."

"మామగారంటే భయమేంటి? నీకోసం రోజూ పూరీలు మోసుకొచ్చిన మనిషి."

"అప్పుడు తలుపు కొట్టి వచ్చేవారు!"

"అమ్మీ, మేస్త్రిని పిలిచా," అన్నాడు కొడుకు ఆరిఫ్. "పగులు పూడిపిస్తే..."

"గోడ ముట్టుకున్నారంటే ఊరుకోను!" ఇష్రత్ అంతగా గొంతెత్తడం వాళ్లెప్పుడూ వినలేదు.

లూకా మేస్త్రి గోడ ముట్టుకోలేదు. ఇంటి చుట్టూ తిరిగొచ్చి, భర్త పోయిన గడువు పాటిస్తున్న ఇష్రత్‌కి ఎదురుపడకుండా, కర్టెన్ అవతలే నిలబడ్డాడు.

"పిన్నిగారూ, పెరటి గోడ కింద నీళ్లెవరు పోస్తున్నారండి?"

"నేనే. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగిన నీళ్లు కాలవలో పోయలేక మల్లెచెట్టుకి పోస్తా. పైన బిందెడు మంచినీళ్లు. రోజుకి ఐదుసార్లు."

"మరి వీధివైపు చెట్లకో?"

"అటు ఆయన పోసేవారు. నేను ఇద్దత్‌లో ఉన్నా కదయ్యా. నాలుగు నెలల పది రోజులు వీధిలోకి రాకూడదు."

లూకా నెమ్మదిగా చెప్పాడు. "ఇది నల్లరేగడండి. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే ముడుచుకుపోద్ది. వెనక పునాది లేచింది, ముందు దిగింది. మధ్యలో ఇల్లు పగిలింది. గుమ్మం ఒరిగింది కాబట్టే తలుపు ఆగట్లేదు. చుట్టూ ఒకేలా తడి ఉంచండి. నేల కుదురుకున్నాక పూడుద్దాం."

"అంటే... ఆయన రావట్లేదా?"

కర్టెన్ అవతల లూకా చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

ఇష్రత్ ఇన్నాళ్లూ ఏడవలేదు. రోజూ వచ్చే మనిషి కోసం ఏడవడమేంటి అనుకుంది. ఇప్పుడు నేలమీద కూలబడింది. హీనా పొట్ట పట్టుకుని, కష్టంగా, పక్కనే కూర్చుంది.

"నేనూ ఆయనే అనుకున్నా అత్తమ్మా. పోయారని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు కదా."

"పోయారమ్మా," అంది ఇష్రత్. ఆ మాట అనడం అదే మొదటిసారి. "మీ మామగారు పోయారు."

చీరాల రైలు టైమవుతోందని ఎవరూ గుర్తుచేయలేదు.